రెండో కాగితం

రెండో రోజు కూడా లింగవ్వ వరండా దిగలేదు.

తెల్లవారుజాము నుంచి ముసురు పట్టింది. గాలి తిరిగినప్పుడల్లా జల్లు లోపలికి కొడుతోంది. ఆమె గోడకు చేరగిలబడి, కాళ్లు దగ్గరికి ముడుచుకొని, ప్లాస్టిక్ సంచిలో పెట్టుకున్న ఒక్క కాగితాన్ని కొంగు కింద దాచుకొని కూర్చుంది. తాను తడిసినా కాగితం తడవకుంటే చాలన్నట్టుంది ఆ కూర్చోవడం.

"తిన్నదా?" జలపతిరావు గొంతు తగ్గించి అక్కను అడిగాడు.

"ఏడ తిన్నది?" జానకీబాయి చేతిలోని పళ్లెం చూపించింది. "పెట్టిన అన్నం పెట్టినట్టే ఉన్నది. పొద్దుగాల చాయ ఇస్తే సగం తాగి సగం ఇడిసింది. ఇటు నీ బిడ్డ తలుపు తీస్తలేదు. ఆమెకొక పళ్లెం, ఈమెకొక పళ్లెం మోసుకుంట నా మోకాళ్లు పోయినయి. గిది ఇల్లనుకున్నరా, సర్కారు దవఖాన అనుకున్నరా తమ్మీ?"

"సగం తాగింది గద అక్కా."

"ఆఁ, నీకేంది. సగం కనిపిస్తే సాలు, నిండినట్టే."

జలపతిరావు పీట తీసుకొని వరండాలోకి పోయి, లింగవ్వకు కొంచెం దూరంలో వేసుకొని కూర్చున్నాడు. ముకరంపుర వీధిలో రిక్షా ఒకటి నీళ్లు చిమ్ముకుంటూ పోయింది.

"లింగవ్వా, జర లోపటికి రా. వాన కొడుతున్నది."

"మంచిగనే ఉన్నది సారూ."

"మీ మరిది మళ్ల ఫోన్ చేసిండు. సుట్టాలంత ఇంటికాడ గూడిండ్రట. నువ్వు లేకపోతే ఎట్ల అంటుండు."

"పోత. ఆయినను తెచ్చేటాల్లకు ఇంట్లనే ఉంట. గప్పటిదాక నన్ను ఎల్లగొట్టకు సారూ."

"ఎవరు ఎల్లగొడ్తరు నిన్ను?"

"పెట్టెల వస్తడట." ఆమె వాన వైపు చూస్తూ అంది. "వచ్చినంక నాతోని ఏం మాట్లాడ్తడు? మాట్లాడేది ముందుగాలనే మాట్లాడి పంపిండు. అది మీ ఇంట్లనే ఏడనో ఉన్నది."

జలపతిరావు తల దించుకున్నాడు.

దుబాయిలో కడుతున్న బంగ్లా పన్నెండో అంతస్తు మీది నుంచి మొండయ్య పడిపోయాడన్న కబురు వచ్చి పది రోజులైంది. ఆ ముందటి సోమవారం, ఇదే వరండాలో, అతని ఉత్తరాన్ని లింగవ్వ చేతికి ఇచ్చింది జలపతిరావే. చదివి వినిపించిందీ తనే. బర్రె ఈనిందా అని అడిగాడు మొండయ్య. పిల్లను బడి మానిపించవద్దన్నాడు. చొప్పదండి డాక్టరుకు మోకాలు చూపించుకొమ్మన్నాడు. అంతా విన్నాక లింగవ్వ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

ఆమెకు అక్షరం రాదు. మొండయ్యకూ రాదు. దుబాయిలో సామాన్లు పంపే దుకాణంలో పనిచేసే హనుమండ్లు అతని మాటలు రాసిపెట్టేవాడు. ఉత్తరం అయిపోయిన చోట మొండయ్య బొటనవేలు అద్దేవాడు. లింగవ్వ సొంతంగా చదువుకోగలిగింది ఆ వేలిముద్ర ఒక్కటే.

"సారూ, ఏలుముద్ర ఏది?" అని ఆ రోజే అడిగింది.

"మరిచిపోయిండు కావచ్చు. ముచ్చటంత వచ్చింది గద, ఫికర్ చెయ్యకు," అన్నాడు జలపతిరావు. నవ్వుతూ అన్నాడు.

ఆ నవ్వు గుర్తుకొచ్చినప్పుడల్లా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. మొన్న హనుమండ్లు ఆమె మరిదికి ఫోన్ చేసి, మాటల్లో, "రెండు కాయితాలు నింపి పంపిచ్చిండు పాపం" అన్నాడట. ఆ మాట చెవిన పడ్డ మరునాడే లింగవ్వ బస్సెక్కి కరీంనగర్ వచ్చింది. శవం కాగితాల కోసం ఆఫీసుల వెంట తిరుగుతున్న హనుమండ్లు ఫోనుకు దొరకడం లేదు. అతని దుకాణంలో కబురు పెట్టి వీళ్లు ఎదురు చూస్తున్నారు.

"పదమూడేండ్లల్ల ఒక్కపారి మరువలే సారూ," అంది లింగవ్వ, ఆ సోమవారం మాటకు ఇప్పుడు బదులు చెబుతున్నట్టు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదనిపించింది జలపతిరావుకు.

జానకీబాయి గొణుక్కుంటూ వచ్చి, పాత నల్ల గొడుగును విప్పి లింగవ్వ పక్కన నేల మీద జల్లుకు అడ్డంగా నిలబెట్టింది. ఎవరి వంకా చూడకుండా లోపలికి పోయింది.

* * *

పది గంటలకు కరెంటు వచ్చింది. ముందరి గదిలో కంప్యూటరు కూత వినబడింది. ఆ వెనకే గడియ తీసిన చప్పుడు.

జలపతిరావు తలుపు నెట్టాడు. ప్రమోదిని నిన్నటి చీరలోనే ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. తల్లి రాధాబాయి చనిపోయిన ఏడు, హైదరాబాదులో ఉద్యోగం విడిచి, "నువ్వొక్కనివి ఎట్లుంటవు బాపూ" అంటూ వచ్చేసిన పిల్ల. ఈ గదిలో కంప్యూటరు పెట్టి, ఇంటి టెలిఫోను తీగ మీదుగానే దుబాయి ఉత్తరాలను తెప్పించే ప్రోగ్రాంను తనే రాసుకుంది. అక్కడ హనుమండ్లు కాగితాలకు బొమ్మ తీసి పంపిస్తే అవి హైదరాబాదులోని ఒక పెద్ద కంప్యూటరులో ఆగుతాయి. తెల్లవారి ఈ ప్రోగ్రాం దానికి ఫోన్ కలిపి, వాటిని ఇక్కడికి దించి, అచ్చు వేస్తుంది. పోస్టులో పదిహేను రోజులు పట్టే ఉత్తరం మరునాడే అందుతోందని చుట్టుపక్కల పల్లెల వాళ్లు ఆమెను చేతులెత్తి మొక్కేవారు.

"కూసో బాపూ. ఒక్కదాన్నే సూస్తే పిచ్చి లేస్తున్నది."

"ఏమన్న దొరికిందా?"

"దొరికింది. దొరకకపోతేనే మంచిగుండు." ఆమె తెర మీద వేలు పెట్టింది. "ముందుగాల నా ప్రోగ్రాం ఒక్కొక్క ఉత్తరం తెచ్చుకుంట, అది వచ్చేదాక ఆగి, గప్పుడు ఇంకోటి తెస్తుండె. మస్తు ఆలస్యమైతుండె. జనం వచ్చి వరండల నిలబడ్తుండ్రని రెండు నెలల కింద మార్చిన. అన్నిటినీ ఒక్కసారే తెమ్మని చెప్తది. అవి వస్తుంటె ఇది వేరే పని చేసుకుంటది. ఒక్కొక్కటి అయిపోంగనే 'అయిపోయింది' అని దీనికి కబురొస్తది."

"మంచిదే గద."

"వచ్చినా అయిపోయింది అనే చెప్తది బాపూ. నడుమ తెగిపోయినా అయిపోయింది అనే చెప్తది. వచ్చి అయిపోయిందా, తెగి అయిపోయిందా? నేను అడగలే." ఆమె తెర మీది ఇంకో వరస చూపించింది. "అయిపోయింది అనంగనే, ఇగ దాంతోని పని లేదని, హైదరాబాదుల ఉన్నదాన్ని చెరిపెయ్యమని రాసిన. ఆడ మనకు జాగ తక్కువ గద. చెరపకపోతే నిండుతదని."

జలపతిరావుకు కంప్యూటరు తెలియదు. కానీ ఈ ముక్క అతనికి బాగా తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లు ట్రంకు ఎక్స్చేంజీలో పనిచేశాడు, మొదట ఆదిలాబాద్, తర్వాత కరీంనగర్. రెండు ఊళ్లను కలిపిన తీగను పీకే ముందు ఆపరేటరు లైనులోకి వచ్చి "మాట్లాడుడు అయిందా?" అని అడగాలి. ఇటువైపు ఊఁ అన్నా, అటువైపు కూడా ఊఁ అనే దాకా తీగ ముట్టకూడదు. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి రోజు అతను నేర్పిన పని అదే. కూతురికి మాత్రం ఎన్నడూ చెప్పలేదు. చెప్పే అవసరం వస్తుందనుకోలేదు.

"మరి రెండో కాయితం మొత్తానికే పోయిందా బిడ్డా?"

ప్రమోదిని తెర మీద ఒక పేరు చూపించింది. "సగంల తెగినదాని తునక ఒకటి మన దాంట్లనే మిగిలింది. రాత్రి దొరికింది. తెరవబుద్ధి కాలే."

"తెరువు."

తెర మీద బొమ్మ మెల్లగా పైనుంచి కిందికి విచ్చుకుంది. వేలెడు మేర హనుమండ్లు చేతిరాత వచ్చింది. ఆ కింద కాగితమంతా బూడిదరంగు.

జలపతిరావు కళ్లద్దాలు సర్దుకొని చదివాడు. "లింగవ్వా, గిప్పుడు అసలు ముచ్చట. నేను నిన్ను ఒక్కటి అడుగుతున్న."

అంతే. అక్కడ ఆగిపోయింది.

ఇద్దరూ ఆ బూడిదరంగును చూస్తూ కూర్చున్నారు. వరండాలో లింగవ్వ దగ్గింది.

"ఏమడిగిండో," అన్నాడు జలపతిరావు చివరికి.

"ఏమడిగినా ఆమె జవాబు చెప్పలే గద బాపూ. అడిగిండని గూడ ఆమెకు తెల్వది."

* * *

"అసలు లైను ఎందుకు తెగింది?" ప్రమోదిని ముక్కు తుడుచుకొని మళ్లీ తెర మీదికి వంగింది. పని చేస్తుంటే ఆమెకు కొంచెం ఊపిరాడుతున్నట్టుంది. "నా ప్రోగ్రాం ఏ గడియకు ఏం చేసిందో రాసిపెట్టుకుంటది. ఇటు సూడు. గా సోమవారం ఆరూ రెండుకు తెగింది. మళ్ల అదే కలుపుకున్నది. మంగళవారం ఆరూ రెండు. బుధవారం ఆరూ మూడు. రెండు నెలల సంది రోజు గదే యాల్లకు తెగుతున్నది."

జలపతిరావు గుమ్మంలోంచి హాల్లోని ఫోను వైపు చూశాడు.

"మిగిలిన దినాలల్ల ఆరు కొట్టకముందే అన్నీ దిగినయి. గా ఒక్క సోమవారం, కరెంటు లేక ఆగిన ఆదివారం ఉత్తరాలు గూడ కలిసి ఎక్కువైనయి. ఆరింటికి బయటి నుంచి ఎవరన్న ఫోన్ చేస్తే తెగుతదా బాపూ? నీకు తెలుస్తది గద."

"బయటి నుంచి చేస్తే ఎంగేజు వస్తది," అన్నాడతను. "తెగదు. ఇంట్ల ఎవరన్న రిసీవర్ లేపితేనే తెగుతది."

"గంత పొద్దుగాల ఇంట్ల ఎవరు లేప్తరు?"

వంటింట్లో జానకీబాయి పోపు వేసింది. ఆ చిటపట అణిగాక జలపతిరావు కళ్లద్దాలు తీశాడు.

"నేనే బిడ్డా."

ప్రమోదిని తల తిప్పింది.

"రోజూ?"

"రోజూ."

"ఏడు కొట్టేదాక ఫోన్ ముట్టద్దని చెప్పిన గద బాపూ నీకు! నీకూ చెప్పిన, అత్తమ్మకూ చెప్పిన. కాయితం మీద రాసి అతికిచ్చిన."

"చెప్పినవ్."

"మరి ఎవరికి చేస్తవ్ గంత పొద్దుగాల?"

"ఎవరికి చెయ్య. లేపి టోన్ ఇంట. పెట్టేస్త."

"ఎందుకు?"

అతను చేతులు చూసుకున్నాడు. ఎక్స్చేంజీలో రాత్రి డ్యూటీ దిగేది ఆరింటికి. దిగే ముందు ఇంటికి ఒక రింగు ఇచ్చేవాడు. రాధాబాయి రిసీవరు లేపి, "వస్తున్నరా? నీళ్లు పెట్టిన" అనేది. ఇద్దరి మధ్యా అంతకు మించి మాట ఉండేది కాదు. ఆమె పోయిన తర్వాత ఒకనాడు మెలకువ వచ్చి, ఊరికే రిసీవరు లేపి చెవికి ఆనించుకున్నాడు. టోను వచ్చింది. లైను బాగుంది. అది చాలనిపించింది. అప్పటి నుంచి అదొక అలవాటు.

"ఊకెనే," అన్నాడు.

"ఊకెనే!" ప్రమోదిని కుర్చీలోంచి లేచింది. "ఆమె రెండు దినాల సంది వాన్ల కూసున్నది బాపూ! నేను నిద్ర లేకుంట ఒక్కొక్క లైను చదువుకుంట సస్తున్న. నువ్వేమో ఊకెనే లేపినవా?"

"ఏం లొల్లి అది?" జానకీబాయి గరిటెతోనే గుమ్మంలోకి వచ్చింది. "ఇంటి ముందర దుఃఖం కూసున్నది, మీరు లోపట కొట్లాడుతుండ్రా? ఏమైంది?"

"అత్తమ్మా, ఆరింటికి బాపు ఫోన్ లేప్తడని నీకెర్కనా?"

జానకీబాయి తమ్ముడి ముఖం చూసింది. గరిటె దించింది. "ఎర్కనే," అంది. "ఎందుకు లేప్తడో గూడ ఎర్కనే. నువ్వు అడగకు."

ప్రమోదిని తండ్రిని చూసింది, మేనత్తను చూసింది. ఏదో అర్థమైనట్టు, అర్థమైనందుకు ఇంకా కోపం వచ్చినట్టు పెదవి బిగించి మళ్లీ కూర్చుంది.

"హాల్లకు పో బాపూ," అంది కాసేపటికి. "నేను లైను కలుపుత. పాత ఫైలొకటి ఆడ పెట్టిన, దాన్ని తెమ్మంట. నేను 'ఆఁ' అన్నంక లేపు. నిజంగ గట్లనే అయిందా సూడాలె."

"నేనే అని చెప్తున్న గద బిడ్డా."

"నువ్వు చెప్తే కాదు. సూడాలె."

అతను హాల్లోకి నడిచాడు. ఫోను పక్కన గోడకు కూతురు అతికించిన కాగితం ఉంది. ఏడు లోపు ముట్టరాదు. దాన్ని చూడకుండా నిలబడ్డాడు. లోపల, కంప్యూటరును ఫోను తీగకు కలిపే మోడెము గీపెట్టింది, గరగరలాడింది, సద్దుమణిగింది.

"ఆఁ!"

రిసీవరు లేపాడు. చెవిలో హోరు. ఆ హోరులో ఎవరి ఉత్తరమో వస్తున్నట్టు అనిపించింది. అంతలో ఖట్టుమని తెగింది. తర్వాత టోను వచ్చింది, రోజూ తెల్లవారుజామున వినే టోనే. అతను వేడి గిన్నె ముట్టుకున్నవాడిలా చప్పున పెట్టేశాడు.

తిరిగి వచ్చేసరికి ప్రమోదిని తెర వంక చూస్తూ ఉంది. తండ్రి కోసం వరసలు చదివింది. "లైను తెగింది. దాని కింద, ఫైలు అయిపోయింది. దాని కింద, మళ్ల కలిసింది. దాని కింద, ఆడ ఉన్నది చెరిపేసింది." ఆమె రెండు అరచేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. "గిట్లనే అయింది."

"లేపకపోతే తెగకపోవు," అన్నాడతను.

"తెగినందుకు పోలే బాపూ. తెగితే మళ్ల తెచ్చుకోవచ్చు. తెగిందా లేదా సూడకుంట చెరిపింది నేను. నువ్వు లేపుడు ఒక్కపారే అడ్డమొచ్చింది. నేను రెండు నెలల సంది దినాం తప్పు చేస్తున్న."

"ఏలుముద్ర లేదని ఆమె గా దినమే అడిగింది. నేను నవ్విన. గది ఎవరి తప్పు?"

ప్రమోదిని కీబోర్డును దగ్గరికి లాక్కొని టైపు చెయ్యడం మొదలుపెట్టింది. ఎంత రావాలో అంతా వచ్చిందా అని ముందు చూడాలి. అచ్చు పడ్డాక మనిషి ఒకరు కళ్లతో చూసి ఊఁ అనాలి. ఆ తర్వాతే చెరపాలి. ఇరవై నిమిషాల పని. రెండు నెలల కిందట చేసి ఉంటే ఇరవై నిమిషాల పని. జలపతిరావు ఆమె వెనక నిలబడి, అరచెయ్యి ఆమె తల మీద పెట్టాడు. ఆమె తల విదిలించలేదు. ఆ మాత్రానికే అతని కళ్లు నిండాయి.

* * *

మధ్యాహ్నం మూడు దాటాక ఫోను మోగింది. దూరపు ఫోను రింగు పొడుగ్గా ఉంటుంది.

ముగ్గురూ హాల్లోకి వచ్చారు. ఎవరూ చెయ్యి చాచలేదు.

"లేపు బాపూ," అంది ప్రమోదిని.

"సారూ, హనుమండ్లును. దండాలు సారూ. కాయితాలు అయినయి. ఎల్లుండి పొద్దుగాల మొండయ్యను హైదరాబాదుల దింపుతరు. మరిదికి చెప్పిన."

"మంచిది హనుమండ్లూ. మస్తు తిరిగినవు. గా రెండో కాయితం..."

"దాని కోసమే చేసిన సారూ. మా దుకాణంలోళ్లు చెప్పిండ్రు." అటువైపు గొంతు తగ్గింది. "అందలేదా సారూ? నిజంగనే అందలేదా?"

"లేదు. మా దిక్కే తప్పు. నీ దగ్గర ఉన్నదా అసలుది?"

"బొమ్మ తీసినంక కాయితం ఎవలది వాళ్లకే ఇస్త సారూ. మొండయ్య అంగి జేబుల పెట్టుకున్నడు."

జలపతిరావు రిసీవరును రెండో చెవికి మార్చుకున్నాడు.

"కాయితం లేకపోతేంది సారూ, రాసింది నేనే. మాట మాట యాదికున్నది. చెప్పమంటరా?"

జలపతిరావు పాత అలవాటున పెన్ను, అట్ట మీది కాగితం దగ్గరికి లాక్కున్నాడు. ట్రంకు లైనులో చెప్పింది చెప్పినట్టు రాసుకునే చెయ్యి అది. "చెప్పు," అన్నాడు. అటు మాట వస్తుంటే ఇటు రాస్తూ పోయాడు. ప్రమోదిని అతని భుజం మీదుగా చదువుతోంది.

"లింగవ్వా, గిప్పుడు అసలు ముచ్చట. నేను నిన్ను ఒక్కటి అడుగుతున్న. ఈడ కింది పని అయిపోయింది. మేస్త్రి పెద్ద బంగ్లా మీదికి ఎక్కుమంటుండు. ఎత్తు మీద నిలబడితే నా కాళ్లు వణుకుతయని నీకు ఎర్కనే. నువ్వు రమ్మంటే ఇంటికొస్త. ఉండుమంటే ఎక్కుత. ఒక్క మాట చెప్పు. శుక్రారం దాక సూస్త. నీ కబురు రాకపోతే ఉండుమన్నట్టే అనుకుంట."

పెన్ను ఆగింది.

"శుక్రారం మాకు సెలవు సారూ," హనుమండ్లు చెబుతూనే ఉన్నాడు. ఏడుపును మింగుతున్నాడని తెలుస్తోంది. "పొద్దుగాల వచ్చి మా దుకాణం మెట్ల మీద కూసున్నడు. గంటకోపారి, కబురొచ్చిందా అన్నా అని అడుగుడు. నేను రాలే తమ్మీ అనుడు. షట్టర్ దించేదాక ఉన్నడు. లేసి, ఉండుడే ఆమెకు మంచిగనిపించింది కావచ్చు అని పోయిండు. తెల్లారి పైకెక్కిండు సారూ. మొదటి దినమే." ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "నేను ఒక్క ఫోన్ చెయ్యకపోతిని. ఉత్తరం పోయింది గద, చదువుకున్నరు గద అనుకున్న. ఆమెకు మీరే చెప్పుండ్రి సారూ. చెప్పద్దనిపిస్తే చెప్పద్దు. నాకు తెలుస్తలేదు."

రిసీవరు పెట్టేశాక జలపతిరావు ఆ కాగితాన్ని అరచేతి కింద కప్పాడు. ప్రమోదిని గోడకు ఆనుకుంది. జానకీబాయి ఆమె దగ్గరికి పోయి చెవిలో అడిగింది, వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"హనుమండ్లేనా సారూ?"

లింగవ్వ గుమ్మంలో నిలబడి ఉంది. రెండు రోజుల్లో మొదటిసారి లేచింది. ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి కొంగు కింది కాగితం మీద.

"ఏం రాపిచ్చిండట?"

జలపతిరావు నోరు తెరిచాడు.

"ఏం రాపిస్తడు?" జానకీబాయి ముందుకు వచ్చింది. ఆమె గొంతు ఎప్పటిలాగే గట్టిగా ఉంది. "పిల్ల పైలం, నువ్వు పైలం, యాల్లకు తిను అని రాపిచ్చిండట. గంతే."

"గంతేనా?"

"మరింకేంది? మొగోళ్లు పురాణం రాపిస్తరా? రాపిచ్చి ఏలు పెట్టిండట. ఇగ కూసో. నేను తెస్త."

"తిను అన్నడా?"

"అన్నడు."

లింగవ్వ అక్కడే గుమ్మం పక్కన కూలబడింది. ముఖంలో ఏదో సడలింది. ఏడ్చింది, కానీ ఆ ఏడుపులో ఊపిరి ఆడింది. జానకీబాయి వేడి అన్నం, పప్పు పళ్లెంలో తెచ్చి ముందు పెట్టింది. లింగవ్వ చెయ్యి కడుక్కుంది. అన్నం కలిపింది. "యాల్లకు తినవని ఎప్పటికి కొట్లాడేటోడు," అని తనలో తాను అంది.

ఆమె మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే జలపతిరావు కళ్లు మూసుకున్నాడు. అబద్ధం చెప్పిన అక్కకు మనసులోనే దండం పెట్టాడు. ఆ కాగితాన్ని చించేద్దామనుకున్నాడు. పొయ్యిలో పడేద్దామనుకున్నాడు. ఇంట్లో ఎవరూ ఆ మాట మళ్లీ ఎత్తకపోతే చాలు. ఇంకొక ముద్ద తింటుంది. ఎల్లుండి కాళ్ల మీద నిలబడగలుగుతుంది.

అరచేతి కింద కాగితం కదిలింది.

కళ్లు తెరిచేసరికి ప్రమోదిని దాన్ని లాక్కుంటోంది. అతను చెయ్యి నొక్కి పట్టాడు. ఆమె తండ్రి వేళ్లను ఒక్కొక్కటిగా లేపి కాగితం తీసుకుంది.

"వద్దు బిడ్డా," అన్నాడు.

"ఆమెనే అడిగిండు బాపూ. మనల్ని కాదు."

జానకీబాయి దారికి అడ్డం వచ్చింది. "నీకేమన్న మతి ఉన్నదా? ఇప్పుడే ఒక బుక్క తిన్నది."

ప్రమోదిని ఆమెను చుట్టుకొని పోయి లింగవ్వ ఎదుట నేల మీద కూర్చుంది.

"లింగవ్వా, గా బుక్క మింగు. మింగినంక నేనొకటి చదువుత. ఇన్నంక నన్ను ఏమన్న అను. పడ్త."

లింగవ్వ నమలడం ఆపింది. ముందు ప్రమోదినిని చూసింది. తర్వాత, తల తిప్పుకున్న జానకీబాయిని. తర్వాత, ఫోను పక్కన నిలబడిన జలపతిరావును చాలాసేపు చూసింది. చేతిలోని ముద్దను పళ్లెంలో పెట్టేసి, పళ్లేన్ని పక్కకు జరిపింది.

"సదువు," అంది.